పాత ఫోనుకు ఆయువు పోసే కొద్దిమంది

తయారుచేసిన కంపెనీలు వదలివేసిన ఫోన్లను జీతం బత్తెం లేని కొందరు ఏళ్ళ తరబడి బ్రతికిస్తున్నారు. ఏ ఫోను బ్రతకాలన్నది నిర్ణయించేది డబ్బు కాదు, యంత్రబలమూ కాదు.

2013 అక్టోబరు ఆఖరున గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ 4.4 ను విడుదల చేసింది. ఆ కొత్త వ్యవస్థకు చెప్పిన గొప్పలలో ముఖ్యమైనది దాని పొదుపుతనం. 512 మెగాబైట్ల మెమరీ మాత్రమే ఉన్న చవక ఫోనులో సైతం అది సాఫీగా నడుస్తుందన్నారు. విచిత్రమేమంటే, అదే గూగుల్ 2011 నవంబరులో శామ్‌సంగ్ చేత తయారు చేయించి తన ఆదర్శ ఫోనుగా అమ్మిన గాలక్సీ నెక్సస్‌కు మాత్రం ఆ వ్యవస్థ రాదని తేలింది. ఆ ఫోనులో ఉన్న మెమరీ 1 గిగాబైటు. అంటే కావలసినదానికి రెట్టింపు. మొదటి రోజునే కొన్నవారి చేతిలో కూడా దానికి ఇంకా రెండేళ్ళు నిండలేదు.

కారణమడిగిన వారికి గూగుల్ ఇచ్చిన సమాధానం క్లుప్తంగా ఉన్నది. ఫోన్లకు కొత్త వ్యవస్థను అందించే గడువు సాధారణంగా 18 నెలలు. ఆ గడువు దాటిపోయింది. అయితే దీని వెనుక మరొక సంగతి ఉన్నది. ఆ ఫోనుకు గుండెకాయ వంటి చిప్పు అమెరికాలోని టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీది. ఆ కంపెనీ 2012లోనే ఫోను చిప్పుల వ్యాపారం నుంచి తప్పుకున్నది. ఆ చిప్పుతో మాట్లాడే ప్రోగ్రాములను కొత్త ఆండ్రాయిడ్‌కు తగినట్టు తిరగరాసి ఇచ్చే నాథుడు లేకపోయాడు.

ఐనా గాలక్సీ నెక్సస్ చావలేదు. కొద్ది వారాలలోనే ఔత్సాహికులు కొందరు ఆండ్రాయిడ్ 4.4 ను ఆ ఫోనులోకి ఎక్కించారు. వారిలో చాలామందికి ఇది రాత్రి భోజనం తరువాత చేసుకునే పని. లోకంలోకెల్లా ధనిక సంస్థలలో ఒకటి చేయబోమన్న పనిని వీరు ఎలా చేయగలిగారు? వీరు చేయగలిగిన పని అన్ని ఫోన్లకూ ఎందుకు జరగడం లేదు? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకే చోట దొరుకుతుంది.

దుబాసీ లేని కొలువు

ఆండ్రాయిడ్ రాబోతున్నదని గూగుల్ ప్రకటించినది 2007 నవంబరు 5న. మరుసటి ఏడాది అక్టోబరులో తొలి ఆండ్రాయిడ్ ఫోను, హెచ్.టి.సి. డ్రీమ్, బజారులోకి వచ్చింది. ఆ రోజులలోనే ఆ వ్యవస్థ సోర్స్ కోడ్‌ను, అనగా ప్రోగ్రామర్లు చదివి దిద్దగలిగే మూలరచనను, ఎవరైనా తీసుకుని మార్చుకునే వీలుతో బయటపెట్టారు. ఆండ్రాయిడ్‌కు పునాదిగా ఉన్నది లినక్స్ కెర్నెల్. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టగా వేలాదిమంది చేతులు కలిపి పెంచిన కృషి అది. దానిని వాడుకుని వస్తువు అమ్మేవారు తాము చేసిన మార్పులను కూడా కొన్నవారికి బయటపెట్టి తీరాలన్నది దాని లైసెన్సులోని షరతు.

ఇన్ని తలుపులు తెరిచి ఉండగా ఫోను ఎందుకు మూలపడుతుంది? తెరిచిన గదుల మధ్య కొన్ని తాళం వేసిన గదులు ఉన్నాయి గనుక.

కెర్నెల్‌ను ఒక కొలువుగా ఊహించుకోండి. ఫోనులో ఉన్న కెమెరా, తెర, రేడియో, స్పర్శను గుర్తించే గాజుపలక, ఒక్కొక్కటీ ఒక్కొక్క భాష మాట్లాడే పరదేశి. కొలువుకు ఆ భాషలు రావు. మధ్యన దుబాసీ కావాలి. ఆ దుబాసీనే డ్రైవర్ అంటారు. ఏ చిప్పు భాష ఎలాంటిదో దానిని తయారుచేసిన కంపెనీకే తెలుసు కాబట్టి దుబాసీని పంపవలసినది కూడా ఆ కంపెనీయే. చిక్కెక్కడంటే, లినక్స్ కొలువులో మర్యాదలు ఏటేటా మారుతూ ఉంటాయి. లోపలి పద్ధతులను శాశ్వతంగా బిగించి ఉంచబోమని లినక్స్ నిర్మాతలు ముందే స్పష్టం చేశారు. వారి వాదంలో న్యాయం లేకపోలేదు. దుబాసీ మూలరచన తమ ఇంట్లోనే ఉంటే, మర్యాద మార్చినవాడే ఆ దుబాసీకి కూడా కొత్త పద్ధతి నేర్పుతాడు. ఈ ఏర్పాటు వల్లనే ఇరవై ఏళ్ళనాటి కంప్యూటరు మీద కూడా కొత్త లినక్స్ తరచుగా నడుస్తుంది.

ఫోను చిప్పుల కంపెనీలు చాలాకాలం ఈ దారిన నడవలేదు. ఏదో ఒకనాటి కెర్నెల్ ప్రతిని తీసుకుని, దానికి లక్షలాది పంక్తులు అతికించి, ఫోను తయారీదారుల చేతిలో పెట్టి, మరుసటి చిప్పు పనిలో పడేవి. ఇక అతి రహస్యమనుకున్న భాగాలను యంత్రానికి మాత్రమే అర్థమయ్యే రూపంలో, సీలు వేసిన పొట్లంలా ఇచ్చేవి. అనువాదమే వృత్తిగా గల నాకు ఈ బాధ సులభంగానే అర్థమవుతుంది. మూలగ్రంథం ఇవ్వకుండా, దానికి ఎవరో చేసిన అనువాదం ఒక్కటే చేతికిచ్చి, పదేళ్ళ తరువాత దానిని నేటి భాషకు తగినట్టు సవరించమంటే ఎలా ఉంటుందో, ఆ పొట్లాలతో పని అలా ఉంటుంది. అక్కడ కనీసం వాక్యాలు కనిపిస్తాయి, ఇక్కడ అంకెలే.

లైసెన్సు షరతును కూడా అందరూ ఒకేలా పాటించలేదు. కొందరు కెర్నెల్ మూలరచనను ఫోను అమ్మిన ఏడాదికి గాని ఇవ్వరు. కొందరు అసంపూర్ణంగా ఇస్తారు. కొందరు ఇవ్వనే ఇవ్వరు. ఈ చివరి రకం గురించి మళ్ళీ చెప్పవలసి వస్తుంది.

ఒక వంశం కథ

ఈ రంగంలో తొలి పెద్ద పేరు స్టీవ్ కాండిక్ అనే అమెరికన్ ప్రోగ్రామర్‌ది. 2009లో ఆయన తన హెచ్.టి.సి. డ్రీమ్ ఫోను కోసం ఆండ్రాయిడ్‌కు సొంత మెరుగులు దిద్ది సయనోజెన్‌మాడ్ పేరుతో పదిమందికీ పంచాడు. ఆ ఫోనులోని మెమరీ 192 మెగాబైట్లు. అందులో కంపెనీ ఇచ్చినదానికన్నా ఈయన వ్యవస్థ చురుకుగా నడవడంతో జనం ఎగబడ్డారు. ఆ ఏడాది సెప్టెంబరులో గూగుల్ నుంచి న్యాయవాదుల ఉత్తరం వచ్చింది: ఆండ్రాయిడ్ అందరిదీ కావచ్చుగాని జీమెయిల్, మ్యాప్స్, యూట్యూబ్, అప్లికేషన్ల అంగడి గూగుల్ సొంతం, వాటిని పంచడానికి వీల్లేదు. కాండిక్ వాటిని తీసివేసి తన పని సాగించాడు. చట్టం ప్రకారం గూగుల్ వాదన సరియైనదే. కాని ‘ఓపెన్’ అనే మాటకు గీత ఎక్కడ గీశారో ఆ ఉత్తరంతో అందరికీ తెలిసివచ్చింది. ఆ తరువాతి ఏళ్ళలో ఆండ్రాయిడ్ పనులు ఒకటొకటిగా ఆ గీతకు అవతలి వైపుకే జరుగుతూ పోయాయి.

2013లో కాండిక్ తదితరులు సయనోజెన్ పేరుతో కంపెనీ పెట్టారు. పెట్టుబడులు వచ్చాయి. మన దేశానికి సంబంధించినంతవరకు ఆ కంపెనీ చేసిన పని కోర్టుకెక్కింది. భారతదేశంలో తన వ్యవస్థను ప్రత్యేక హక్కుతో వాడుకునే ఒప్పందం మైక్రోమాక్స్‌తో చేసుకున్నది. అదే వ్యవస్థతో వన్‌ప్లస్ వారి ఫోను కూడా ఇక్కడ బజారులోకి దిగింది. 2014 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు వన్‌ప్లస్ అమ్మకాలను ఆపమన్నది. కొద్ది రోజులకు పై ధర్మాసనం ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. అందరికీ ఉచితమని పుట్టిన వస్తువు మీద ‘ప్రత్యేక హక్కు’ కోసం రెండు కంపెనీలు న్యాయస్థానంలో పోరాడటం ఈ కథలో నాకు మింగుడుపడని ఘట్టం.

2016 డిసెంబరులో సయనోజెన్ కంపెనీ తన సేవలన్నిటినీ ఆ నెలాఖరుతో మూసివేస్తున్నట్టు చెప్పింది. కంపెనీ పోతే పోయింది. కాని సర్వర్లు, పేరు కూడా దానివే. పని చేసిన స్వచ్ఛంద కార్యకర్తలు క్రిస్మస్ ముందునాడు అదే సోర్స్ కోడ్ ప్రతిని తీసుకుని లైనేజ్ ఓఎస్ అని కొత్త పేరు పెట్టి బయలుదేరారు. లైనేజ్ అంటే వంశం. కంపెనీ కన్ను మూసినా వంశం ఆగకపోవడానికి కారణం ఒక్కటే: ఆ మూలరచన ఎవరి బీరువాలోనూ లేదు.

చేతిలో ఫోను ఉన్నవారే దిక్కు

లైనేజ్ బృందానికి ఒక నియమావళి ఉన్నది. తమ అధికారిక జాబితాలో ఏదైనా ఫోను చేరాలంటే, దాని బాధ్యత తీసుకునే సంరక్షకుడు ఒకరుండాలి. ఆయన చేతిలో ఆ ఫోను నిజంగా ఉండాలి. కాల్స్, వైఫై, కెమెరా, బ్లూటూత్, దిక్కులు చెప్పే జి.పి.ఎస్., సమాచారాన్ని రహస్యలిపిలో దాచే ఏర్పాటు, ఇవన్నీ ఆ ఫోను పుట్టినప్పటిలాగే పనిచేయాలి. సంరక్షకుడికి ఉద్యోగం మారినా, పెళ్ళయినా, ఫోను నీళ్ళలో పడినా, మరొకరు ముందుకు రాకపోతే ఆ ఫోను జాబితా నుంచి తప్పుకుంటుంది. ఒకానొక రకం ఫోను లక్షలాదిమంది జేబులలో ఉండవచ్చు. దాని ఆయువు మాత్రం ఏదో ఊళ్ళో ఒక మనిషి తీరిక మీద ఆధారపడి ఉంటుంది.

ఆ మనిషి దగ్గర ఉండవలసిన సరంజామా చూడండి. ఆండ్రాయిడ్ మూలరచన నుంచి ఫోనులో ఎక్కించదగిన రూపాన్ని తయారుచేయడానికి కంప్యూటరులో 400 గిగాబైట్ల ఖాళీ స్థలం, 64 గిగాబైట్ల మెమరీ ఉండాలని గూగుల్ సూచన. 72 కోర్‌ల యంత్రం మీద తమకు 40 నిమిషాలు పడుతుందనీ, 6 కోర్‌ల యంత్రమైతే 6 గంటలు పడుతుందనీ గూగులే చెప్పింది. హాస్టలు గదిలో కూర్చున్న విద్యార్థి దగ్గర ఉండే ల్యాప్‌టాప్‌లో మెమరీ ఇందులో ఎనిమిదో వంతో, నాలుగో వంతో. ఒక్క అక్షరం తప్పిపోతే రాత్రి మొదలుపెట్టిన పని తెల్లవారి మళ్ళీ మొదటికి వస్తుంది. నాలుగు వేల రూపాయల పాత ఫోనును బ్రతికించడానికి లక్ష రూపాయల కంప్యూటరు కావలసిరావడం ఇందులోని వైపరీత్యం. స్థోమత లేనివారు కంప్యూటరును అద్దెకు తీసుకుంటారు. లేదా స్నేహితుల యంత్రాన్ని అడుక్కుంటారు.

ఇంత చేసినా ఒక్కొక్కప్పుడు కాలం ఓడిస్తుంది. 2022 ఏప్రిల్‌లో లైనేజ్ 19 వచ్చినప్పుడు అదే జరిగింది. నెట్‌వర్కులో వచ్చిపోయే సమాచారాన్ని వడపోసి లెక్కగట్టే పనికి ఆండ్రాయిడ్ 12లో గూగుల్ పాత పద్ధతిని తీసివేసి, ఇ.బి.పి.ఎఫ్. అనే కొత్త సదుపాయం మీద ఆధారపడింది. ఆ సదుపాయం పాత కెర్నెల్‌లలో లేదు. కొత్త కెర్నెల్ నుంచి దానిని విడదీసి పాత వాటికి అంటుకట్టాలి. ఇంటి పునాది మార్చకుండా మెట్లు మాత్రం మార్చమన్నట్టు ఉంటుంది ఈ పని. కొంత వెనుకటి వాటికి అంటుకట్టగలిగారు. మరీ పాతవి లొంగలేదు. అంతవరకు చక్కగా నడుస్తున్న అనేక ఫోన్లకు ఆ మెట్టు దగ్గరే ప్రయాణం ఆగిపోయింది. తరువాత మరికొంత శ్రమపడి ఇంకొన్నిటిని ఎక్కించారు. అందులో ఏ ఒక్క ఫోనూ విరగలేదు, అరగలేదు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కూడా ఉన్నది. 2009లో విండోస్ మొబైల్ వ్యవస్థతో పుట్టిన హెచ్.టి.సి. హెచ్.డి.2 అనే ఫోనుకు ఆండ్రాయిడ్‌తో ఏ సంబంధమూ లేదు. ఐనా ఆ ఫోనంటే ప్రాణం పెట్టేవారు దానిలో ఆండ్రాయిడ్‌ను నడిపించారు. అంతటితో ఆగక, తరం తరువాత తరంగా ఆండ్రాయిడ్ 7 దాకా తెచ్చారు. కంపెనీ ఆ పని చేయమని ఎవరినీ అడగలేదు. వద్దని అన్నా ఆగేవారు కారు.

బీదవాని ఫోను

ఏ ఫోనుకు ఇటువంటి భక్తులు దొరుకుతారు? ఈ ప్రశ్నకు సమాధానం అంత ఆహ్లాదకరమైనది కాదు. ప్రోగ్రామర్లు తాము కొన్న ఫోన్లనే బాగుచేసుకుంటారు. కెర్నెల్ మూలరచన సులభంగా దొరికే చిప్పులనే ఎంచుకుంటారు. క్వాల్‌కామ్ చిప్పుల విషయంలో మూలరచన చాలావరకు బయట దొరుకుతుంది కాబట్టి వాటితో వచ్చిన ఫోన్ల చుట్టూ జనం చేరారు. మీడియాటెక్, స్ప్రెడ్‌ట్రమ్ చిప్పులతో వచ్చిన అతి చవక ఫోన్ల విషయం వేరు. మూలరచన ఇవ్వనే ఇవ్వని వారని పైన చెప్పినది ఎక్కువగా ఈ చిప్పులతో ఫోన్లు చేసినవారినే. మన దేశంలో 2012 నుంచి కొన్నేళ్ళపాటు కూలీలు, ఆటో డ్రైవర్లు, పల్లెటూరి విద్యార్థులు మొదటిసారిగా కొనుక్కున్న స్మార్ట్‌ఫోన్లలో చాలా భాగం ఈ రకానివే. కొత్తది కొనే స్థోమత లేనందువల్ల ఎక్కువ కాలం బ్రతకవలసిన ఫోను ఏదో, బ్రతికించే దారి లేనిది కూడా అదే.

ఈ లోటు గూగుల్‌కు తెలియనిది కాదు. 2014 సెప్టెంబరులో ఢిల్లీలో సుందర్ పిచాయ్ ఆండ్రాయిడ్ వన్ పథకాన్ని ప్రారంభించారు. మైక్రోమాక్స్, కార్బన్, స్పైస్ సంస్థల ఫోన్లు, ధర 6,399 రూపాయల నుంచి, లోపల మీడియాటెక్ చిప్పు. తయారీదారుతో నిమిత్తం లేకుండా రెండేళ్ళు తానే కొత్త వ్యవస్థలను పంపుతానని గూగుల్ మాట ఇచ్చింది. మాట నిలబెట్టుకుని ఆండ్రాయిడ్ 6 దాకా పంపింది. అక్కడితో ఆ తొలి ఫోన్లకు తలుపు మూసుకుంది. మనసున్న కంపెనీ కూడా రెండేళ్ళనే దీర్ఘకాలంగా తలచిన రోజులవి.

అంతకు కొద్ది రోజుల ముందే, 2014 ఆగస్టులో, ఇంకా చవకైన ప్రయత్నం ఒకటి మన దేశంలో జరిగింది. మొజిల్లా వారి ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌తో ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్ఎక్స్ 1,999 రూపాయలకు వచ్చింది. వ్యవస్థ పూర్తిగా ఓపెన్ సోర్స్. ఫోనులో మెమరీ 128 మెగాబైట్లు. ఆశయం గొప్పదే, కాని అంత చిన్న గిన్నెలో వంట కుదరలేదు. వేలు పెట్టిన తరువాత తెర కదలడానికి ఓపిక పట్టవలసివచ్చేది. 2015 డిసెంబరులో మొజిల్లా ఫోన్ల వ్యాపారం మానుకున్నది. ఆ మూలరచన నుంచే కైఓఎస్ పుట్టి, 2017లో జియోఫోన్ ద్వారా ఊరూరా చేరింది. ఓపెన్ సోర్స్ విత్తనం మొలకెత్తిందని సంతోషించవచ్చు. ఐతే ఆ జియోఫోన్‌ను కొన్నవారు దానిలోని వ్యవస్థను తమంతట తాము మార్చుకోవడానికి దారి ఉంచలేదు.

తెలుగువారికి ఈ తాళాల సంగతి మరొక విధంగా అనుభవమే. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు రాత ఖాళీ పెట్టెల వరుసగా కనిపించేది. కావలసినదల్లా ఒక తెలుగు ఫాంటు, ఉచితంగా దొరికేదే. దానిని పెట్టవలసిన చోటుకు ఫోను యజమానికి ప్రవేశం లేదు. తాళం పగలగొట్టగలిగిన కుర్రవాళ్ళు ఆ ఫైలును అందులో వేసుకుని, కొన్ని ఒత్తులు చెదిరినా, తెలుగు చదువుకున్నారు. మిగిలినవారు కంపెనీ దయ కోసం ఎదురుచూశారు. మూలరచన దాచుకునే ఐఫోన్‌లో 2018 ఫిబ్రవరిలో దీనికి తలకిందులైన వింత జరిగింది. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం వచ్చిన సందేశం తెరవగానే అప్లికేషన్లు కుప్పకూలేవి. లోకమంతా ఆ అక్షరాన్ని పంపుకుని నవ్వుకున్నది. దిద్దుబాటు మాత్రం ఆపిల్ పంపేవరకు ఎవరి చేతిలోనూ లేదు.

పదేళ్ళ పందెం

పాత పొట్లాలనే సర్దుకుంటూ పోవడం కాక, అసలు దుబాసీనే కొత్తగా తయారుచేసుకుందామన్న ఆలోచన 2017 మే నెలలో ఒక ప్రణాళికగా రూపుదాల్చింది. ఆలివర్ స్మిత్ అనే ప్రోగ్రామర్ ప్రారంభించిన ఆ ప్రణాళిక పేరు పోస్ట్‌మార్కెట్ ఓఎస్. అంటే, బజారు వదలివేసిన తరువాతి వ్యవస్థ. ఒక్కొక్క ఫోనుకు పదేళ్ళ ఆయువు అన్నది లక్ష్యం. ఇది ఆండ్రాయిడ్‌ను వాడదు. ఆల్పైన్ అనే అతి చిన్న లినక్స్ మీద నిలబడుతుంది. సాధ్యమైనప్పుడల్లా కంపెనీ ఇచ్చిన పాత కెర్నెల్‌ను విడిచి, ఆ చిప్పు భాషను తెలుసుకుని, దుబాసీ మూలరచనను అసలైన లినక్స్ కెర్నెల్‌లోకే పంపుతారు. అక్కడ ఒకసారి చోటు దొరికిందా, ఇక ఆ చిప్పు ఎవరి గడువు మీదా ఆధారపడదు.

తక్కువ చేతులతో ఎక్కువ పని జరిగే కిటుకు కూడా ఇందులో ఉన్నది. క్వాల్‌కామ్ వారి స్నాప్‌డ్రాగన్ 410 చిప్పునే తీసుకోండి. రెడ్‌మి 2, లెనోవో ఎ6000, మోటో జి మూడవ తరం, గాలక్సీ జె5. 2015లో మన ఇళ్ళలోకి వచ్చిన ఈ ఫోన్లన్నిటిలోనూ ఉన్నది ఆ ఒక్క చిప్పే. దాని దుబాసీని ఒకసారి తీర్చిదిద్దితే ప్రతి ఫోనుకూ మిగిలేది తెర, బ్యాటరీ, మీటల వంటి చిల్లర తేడాలు. రెడ్‌మి 2ను భారతదేశంలో 6,999 రూపాయలకు అమ్మారు. ఆ ధర ఫోను మీద నేటి లినక్స్ కెర్నెల్ నడుస్తున్నదంటే, అది ఏ కంపెనీ ప్రణాళికలోనూ లేని విషయం. ఇటువంటి ఫోన్లలో సాధారణంగా చివరిదాకా మొరాయించేది కెమెరా.

ఇదే పని జీతాలిచ్చి చేయిస్తే ఎంత కష్టమో నెదర్లాండ్స్‌కు చెందిన ఫెయిర్‌ఫోన్ సంస్థ అనుభవం చెబుతుంది. 2015 డిసెంబరులో ఆండ్రాయిడ్ 5తో వచ్చిన ఫెయిర్‌ఫోన్ 2కు ఆండ్రాయిడ్ 6 తరువాత చిప్పు కంపెనీ మద్దతు ఆగిపోయింది. ఆ చిన్న సంస్థ ఇంజనీర్లు తమంతట తామే 2018లో ఆండ్రాయిడ్ 7, 2021లో ఆండ్రాయిడ్ 9, 2022లో ఆండ్రాయిడ్ 10 ఆ ఫోనుకు తెచ్చారు. గూగుల్ పెట్టే లక్షలాది పరీక్షలను దాటించారు. వారికి ముందుగా దారి వేసిపెట్టినది లైనేజ్ కార్యకర్తలే. 2023 మార్చిలో ఆ ఫోనుకు గౌరవంగా వీడ్కోలు చెప్పేనాటికి అది ఏడేళ్ళు బ్రతికింది. ఆ తరువాతనే పెద్ద కంపెనీలు మేలుకున్నాయి: 2023 అక్టోబరులో పిక్సెల్ 8కు గూగుల్, 2024 జనవరిలో గాలక్సీ ఎస్24కు శామ్‌సంగ్ ఏడేసి సంవత్సరాల మాట ఇచ్చాయి. రెండూ ఖరీదైన ఫోన్లే. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి, ఒక రకం ఫోను అమ్మకాలు ఆపిన తరువాత కూడా అయిదేళ్ళు అప్‌డేట్‌లు అందించాలని చట్టం చేసింది. మన దేశంలో 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై సంఘాన్ని వేసింది. కాని మరమ్మతు అనగానే మనకు తోచేది తెర, బ్యాటరీ. సాఫ్ట్‌వేర్ అంత తొందరగా తోచదు.

2023 జనవరిలో ఐ.ఐ.టి. మద్రాసులో రూపుదిద్దుకున్న భారోస్ గురించి పత్రికలన్నీ రాశాయి. దానికి మూలం కూడా ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కోడే. ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. అయితే స్వదేశీ పేరు కన్నా ముందు అడగవలసిన ప్రశ్న, అది ఏయే ఫోన్ల మీద ఎన్నేళ్ళు నడుస్తుంది, ఎవరు దాని దుబాసీలను పోషిస్తారు అని.

బ్యాంకు వాకిట్లో

బ్రతికించిన ఫోనుకు కొత్త గండం మరొకటి ఉన్నది. ఫోనులోని వ్యవస్థ కంపెనీ పెట్టినదేనా అని గూగుల్ ద్వారా విచారించి, కాదని తేలితే పనిచేయడానికి నిరాకరించే అప్లికేషన్లు పెరిగాయి. వీటిలో బ్యాంకులవి ముఖ్యం. కూరగాయల బండి దగ్గర కూడా యు.పి.ఐ. తో చెల్లింపు జరిగే దేశంలో, బ్యాంకు అప్లికేషన్ నడవని ఫోను సగం ఫోనే. బ్యాంకుల భయం పూర్తిగా నిరాధారమని నేను అనను. తాళం తీసిన ఫోను పోగొట్టుకుంటే దొంగకు పని సులువవుతుంది; పైగా రేడియో చిప్పులోని రహస్య ప్రోగ్రాములకు దిద్దుబాట్లు ఆగిపోయినచోట లైనేజ్ వారు కూడా ఏమీ చేయలేరు. కాని అయిదేళ్ళుగా ఒక్క దిద్దుబాటు అందని కంపెనీ ఫోనును లోపలికి రానిచ్చి, నిన్నటి దిద్దుబాటు ఉన్న లైనేజ్ ఫోనును గుమ్మంలోనే ఆపే పద్ధతిని భద్రత అనడానికి మనస్కరించదు. 2015 జూలైలో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడి, సుమారు 95 కోట్ల ఫోన్లు ఒక్క సందేశంతో దాడికి గురికాగలవని అంచనా వేసినప్పుడు, వాటిలో చాలా వాటికి కంపెనీల నుంచి దిద్దుబాటు ఏనాడూ రాలేదు.

2025 ఈ కార్యకర్తలకు గడ్డు సంవత్సరం. ఆండ్రాయిడ్ నిర్మాణాన్నంతా ఇక లోపలే చేసి, పూర్తయిన తరువాతనే సోర్స్ కోడ్ బయటపెడతామని మార్చిలో గూగుల్ చెప్పింది. జూన్‌లో ఆండ్రాయిడ్ 16 మూలరచన వచ్చినప్పుడు, అంతవరకు పిక్సెల్ ఫోన్ల కోసం దానితోపాటే ఇస్తూ వచ్చిన పరికర వివరాల ఫైళ్ళు అందులో లేవు. అన్ని కంపెనీల ఫోన్లలోకీ పిక్సెల్ మీద పని తేలిక అని నమ్మి, గ్రాఫీన్ ఓఎస్ వంటి బృందాలు తమ కొద్దిపాటి బలగాన్ని ఆ ఫోన్ల మీదనే కేంద్రీకరించాయి. ఇక వారు కూడా మిగిలిన ఫోన్ల సంరక్షకుల లాగానే, పాత ఫైళ్ళను ముందు పెట్టుకుని, కంపెనీ వ్యవస్థను విప్పి చూసి, ఊహించి రాసుకోవలసిన స్థితికి వచ్చారు.

అదే ఏడాది ఎస్తోనియా దేశంలోని తార్తు విశ్వవిద్యాలయ పరిశోధకులు పాత స్మార్ట్‌ఫోన్లను కొన్నిటిని తీసుకుని, బ్యాటరీలు తొలగించి, బయటి నుంచి విద్యుత్తు ఇచ్చి, వాటన్నిటినీ కలిపి ఒక బుల్లి సమాచార కేంద్రంగా మార్చారు. ఒక్కొక్క ఫోనుకు అయిన ఖర్చు సుమారు 8 యూరోలు. ఎవరి జేబులోనూ చోటు లేని ఆ ఫోన్లను నీటి అడుగున దించి, అక్కడి జీవజాతులను లెక్కించే పనికి పెట్టి చూశారు.